ఆఖరి బండికి మోదుగు కొమ్మ

నేను ఓపిక లేని మనిషిని. పెళ్ళి భోజనాల్లో వరుసలో నిలబడలేను. టీకొట్టు ముందు నీళ్ళు కాగేదాకా కూర్చోలేను. బస్సు ఆలస్యమైతే పక్క ఊరిదాకా నడిచిపోయి అక్కడ ఎక్కే రకం. అలాంటి నన్ను రెండేళ్ళకు పైగా రోజుకు రెండుసార్లు నడిరోడ్డు మీద నిలబెట్టిన మనిషి యాదక్క. ఆమె గురించి రాయాలని ఇంతకుముందు చాలాసార్లు కూర్చున్నాను, నాలుగు వాక్యాలు రాసి లేచిపోయాను. లేచిపోవడానికి కారణం నాకు ఓపిక లేకపోవడం ఒక్కటే కాదు. అది చదివితే మీకే తెలుస్తుంది.

నా ఇల్లు గోదావరి అవతల, మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో, ఉద్యోగం అంకిస పశువుల దవాఖానాలో. డాక్టరును కాను, డాక్టరు రాసిన సూది వేసేవాణ్ణి. అయినా మా వైపు సూది చేతిలో ఉన్నవాడల్లా డాక్టరు సారే. పొద్దున్నే దవాఖానాకు చేరి, మందు సీసాలు ఐసు డబ్బాలో సర్దుకుని, మోటారు సైకిల్ మీద వచ్చిన దారినే ఊళ్ళ మీదికి బయల్దేరతాను. ఐసు కరిగితే మందు పనికిరాదు. కాబట్టి దారిలో ఎవరు ఆపినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ దారి మీద పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఊపిరాడదు. బడులకు పోయే టీచర్లు, నర్సులు, సిరొంచ కాలేజీకి పోయే పిల్లలు, చేపల గంపలు కట్టిన బండ్లు, వడ్ల లారీలు, ఎనిమిది మంది పట్టే చోట పదిహేను మందిని కుక్కిన ఆటోలు, అన్నిటికీ అదే దారి. గుంతలు తప్పించబోయి పడి చెయ్యో కాలో విరగ్గొట్టుకున్నవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందుకే రోడ్డు వెడల్పు చేస్తామనీ, ఒర్రెల మీద, అంటే చిన్న వాగుల మీద, మోరీలు కొత్తవి కట్టి పక్క గోడలు లేపుతామనీ, మలుపుల్లో చీకట్లో మెరిసే పలకలు పెడతామనీ చెప్పినప్పుడు అందరం సంబరపడ్డాం. వచ్చే వానల లోపల అయిపోతుందన్నారు. రోడ్డు పని నడుస్తోందని, ‘రస్త్యాచే కామ్ చాలూ ఆహే’ అని మరాఠీలో పెద్ద బోర్డు కూడా పాతారు.

వానలు వచ్చాయి, మిషన్లు వెళ్ళిపోయాయి. పైనుంచి కాగితం రాలేదని కొన్నాళ్ళు, కంకర రాలేదని కొన్నాళ్ళు, పాత కాంట్రాక్టరు మానేశాడు కొత్తవాడు రావాలని కొన్నాళ్ళు. అడిగినవాడికల్లా ఒక కారణం దొరికేది, రోడ్డు మాత్రం దొరకలేదు. రెండో వానలు కూడా వచ్చి పోయాయి. బోర్డు మీద రంగు వెలిసి అక్షరాలు కనపడకుండా పోయాయి.

అన్నిటికన్నా అధ్వాన్నం పెద్దొర్రె దగ్గరి కిలోమీటరు. అక్కడ రోడ్డును ఒక పక్క సగం తవ్వి వదిలేశారు. మనిషి లోతు గుంత, అందులో మోరీ కోసం కట్టిన ఇనుప చువ్వలు పైకి చూస్తూ ఉంటాయి. మిగిలిన సగంలో ఒక్క బండి మాత్రమే పడుతుంది. మధ్యలో పెద్ద వంపు, వంపు నిండా టేకు చెట్లు. ఈ కొసన ఉన్న మనిషికి ఆ కొస కనపడదు, ఫోనుకు సిగ్నల్ లేదు. కాసేపు అటు బండ్లు, కాసేపు ఇటు బండ్లు వంతులు వేసుకుని వదలాలి. ఆ పనికి కాంట్రాక్టరు ఇచ్చిన సరంజామా రెండు ఎర్ర గుడ్డలు, రెండు పచ్చ గుడ్డలు, నాలుగు కర్రలు. సిరొంచ వైపు కొసన ఆశన్న అనే ముసలాయన ఉండేవాడు. అంకిస వైపు కొసన యాదక్క. మందుతో బయల్దేరినప్పుడూ, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడూ నేను ఆగేది ఆమె ముందే.

యాదక్కకు నలభై అయిదేళ్ళుంటాయి. అంకిస పక్కనే చిన్న ఊరు. భర్త సోము గోదావరిలో చేపలు పడతాడు. ఆమె నాట్లకూ కోతలకూ పోయేది, ఎండాకాలం బీడీల తునికాకు తెంపేది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, భాగ్య. ఆ పిల్ల సిరొంచలో డిగ్రీ చదువుతూ రోజూ స్కూటీ మీద పోయివచ్చేది. రోడ్డు తవ్విన మొదటి వారమే, జెండా పట్టుకోవాల్సిన మనిషి చెట్టు కింద కునుకు తీస్తుంటే, వంపులో భాగ్య స్కూటీ, ఒక లారీ ఎదురెదురు పడ్డాయి. పిల్ల గుంత అంచు దాకా వెనక్కి జరిగి ఎలాగో నిలబడింది. ఇంటికొచ్చి నవ్వుతూ తల్లికి చెప్పింది. తల్లికి నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే యాదక్క సైటు సూపర్‌వైజర్ ప్రభాకర్ ముందు నిలబడింది. ఆయన చామోర్షి ఊరివాడు. చెడ్డవాడేం కాదు, ఎప్పుడూ రెండు ఫోన్లు మోగుతుండే మనిషి.

“జెండ నాకియ్యి సారు,” అంది.

“ఆడోళ్ళకు కంకర మోసే పని ఉన్నది. జెండకు జర చదువుకున్నోళ్ళు కావాలె.”

“చదువుకున్నోడు పండుకుంటుండు గదా. నేను పండుకోను. నా బిడ్డ పోతది ఈ తొవ్వల.”

ఆయనకు ఏమనిపించిందో, ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఒకే లెక్క. భాగ్య చదువు మూడేళ్ళు. మూడేళ్ళు అయిపోయేదాకా ఈ కిలోమీటరు తన చేతిలో ఉండాలి. పొద్దున బిడ్డ సిరొంచ వైపు దాటాలి, మధ్యాహ్నం రెండుకు మళ్ళీ ఇటు దాటాలి. మిగతా ఊరంతా క్షేమంగా దాటింది కూడా ఆ పిల్ల పుణ్యమే.

కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇస్తే దానికి అన్నం డబ్బా తగిలించేది. తాను మాత్రం కూర్చునేది కాదు, తిరిగేది. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు, మధ్యలో వంపు వైపు మెడ సాచి చూడడం. పని లేనప్పుడు రోడ్డు మీద రాళ్ళను కాలితో పక్కకు తోసేది. ఆమెను చూస్తుంటే నా తొందర ఇంకా ఎక్కువయ్యేది.

కొమ్మ పద్ధతి కనిపెట్టింది కూడా ఆమే. మొదట్లో ‘అటు నుంచి అందరూ వచ్చేశారా లేదా’ అన్నది ఎవరికీ తెలిసేది కాదు. అంచనా మీద వదిలేవాళ్ళు, మధ్యలో బండ్లు ముఖాముఖీ అయ్యేవి, వెనక్కి పొమ్మంటే నువ్వు పో అంటే నువ్వు పో అని కొట్లాటలు. యాదక్క నాయన ఊరి పశువులు కాసేవాడు. మంద అడవిలోంచి ఇంటికి మళ్ళేటప్పుడు ఆఖరి పశువు వెనక వచ్చే మనిషి ఒక పచ్చి కొమ్మ భుజాన వేసుకుని వచ్చేవాడట. ఆ కొమ్మ కనపడితే ఇక వెనక ఏ పశువూ లేనట్టు. యాదక్క అదే ఇక్కడ పెట్టింది. ఆశన్న తన వంతులో వదిలే ఆఖరి బండికి ఒక కొమ్మ ఇస్తాడు. ఆ కొమ్మ యాదక్క చేతికి అందాకే ఆమె తన వాళ్ళను వదులుతుంది, ఆమె ఆఖరి బండికి మళ్ళీ ఒక కొమ్మ ఇస్తుంది. మొదట కర్ర ఇచ్చి చూశారు. జనం మర్చిపోయి కర్రను సంతదాకా పట్టుకుపోయేవాళ్ళు. మోదుగు కొమ్మ అయితే పోయినా బాధ లేదు, పక్కన అడవి నిండా ఉంది.

చదువుకున్న మేమందరం నవ్వాం. వారం తిరిగేసరికి కొట్లాటలు ఆగిపోయాయి, నవ్వు కూడా ఆగిపోయింది.

ఆమె ముందు పెద్దా చిన్నా లేదు. ఒకసారి పైన లైటు ఉన్న తెల్ల కారులో ఒక పెద్దసారు వచ్చాడు. ఆయన డ్రైవరు దిగి, లోపల ఎవరున్నారో తెలుసా అని గద్దించాడు.

“తెల్వది బిడ్డా. ఎవలున్నా తొవ్వ ఒక్కటే ఉన్నది. కొమ్మ రానియ్యి.”

“సారుకు మీటింగున్నది!”

“రోడ్డు ఎప్పుడైతదో గా మీటింగుల జర అడుగుమను.”

కారు లోపలి సారు అద్దం దించి ఆమెను చూసి, మళ్ళీ అద్దం ఎక్కించుకున్నాడు. ఇరవై నిమిషాలు ఆగాడు. ఆటోల్లోంచి, బండ్ల మీది నుంచి మేమంతా మెడలు సాచి చూశాం. ఆ రోజు నా ఐసు కరిగిపోయినా నాకు కోపం రాలేదు.

మిగతా రోజుల్లో వచ్చేది. ఆమెతో నేను తగవు పడని రోజు లేదు. “అక్కా, అటు నుంచి ఎవ్వలు వస్తలేరు, చెవులున్నయి గదా, ఇంజను సప్పుడు ఇనస్తలేదు,” అనేవాణ్ణి. “సైకిలుకు సప్పుడుంటదా సారు? నడిచేటోనికి ఉంటదా?” అనేది. “మందు ఖరాబైతది,” అంటే, “మందు మల్ల తెచ్చుకోవచ్చు,” అని అటు తిరిగేది. పోనీలే అని మనసులో అనుకుని, పైకి గొణిగేవాణ్ణి.

ఒక్క భాగ్య వచ్చే వేళకు ఆమె వేరే మనిషి అయ్యేది. రెండు కొడుతుందనగా వంపు వైపు పది అడుగులు పోయేది, వెనక్కి వచ్చేది. స్కూటీ కనపడగానే ముఖం గట్టిగా పెట్టుకుని, ఏ టీచరమ్మను పంపినట్టో, “నడువు నడువు, ఎనుకోళ్ళు ఆగిండ్రు,” అని బిడ్డను అదిలించేది. భాగ్య నవ్వుతూ పోయేది. ఆ పిల్ల దాటాకే యాదక్క అన్నం డబ్బా తెరిచేది.

మేము కూడా ఊరికే కూర్చోలేదు. రెండు కొసల మనుషులకు వైర్‌లెస్ సెట్లు ఇవ్వాలని, గుంత పొడుగునా అడ్డాలు పెట్టాలని, వంపులో వెలిగి ఆరే లైట్లు పెట్టాలని అర్జీ రాశాం. మరాఠీలో నేనే రాశాను, అరవై మంది సంతకాలు చేశారు. యాదక్క వేలిముద్ర వేసింది. మంజూరీ అయింది, మాల్ వస్తుంది అన్నారు. ఆ మాట మూడుసార్లు అన్నారు, ఏడాదిన్నర గడిచింది.

ఆ సంగతి జరిగింది మొన్నటి ఏప్రిల్లో. భాగ్యకు చివరి సంవత్సరం, పరీక్షలకు పన్నెండు రోజులు. యాదక్క వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతోంది.

ఆ రోజు అంకిసలో పశువులకు గాలికుంటు టీకాలు. పొద్దున్నుంచి ఎండలో జనం గొడ్లను కట్టేసి కూర్చున్నారు. పదకొండున్నరకు మందు అయిపోయింది. సిరొంచకు పోయి ఇంకో పెట్టె తెస్తానని బండి తీశాను. పెద్దొర్రె దగ్గరకు వచ్చేసరికి ఒక వడ్ల లారీ, రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. బండి చెట్టు నీడన పెట్టి నేను యాదక్క పక్కకు పోయి నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. అటు నుంచి బండ్లు వస్తున్నాయి గానీ కొమ్మ రావడం లేదు.

“ఇయ్యాల ఆశన్న ఊరంత పంపుతుండు,” అంది యాదక్క, అటూ ఇటూ తిరుగుతూ.

నేను గడియారం చూసుకుంటున్నాను. అక్కడ కట్టేసిన గొడ్లు, వాటి పక్కన తిట్టుకుంటున్న మనుషులు నా కళ్ళ ముందు తిరుగుతున్నారు. అప్పుడు వంపు వైపు నుంచి డప్పుల మోత వినపడింది. దుమ్ములోంచి ఒక ట్రాక్టరు బయటికి వచ్చింది. వెనక డబ్బా నిండా పచ్చటి కొమ్మలు.

మా వైపు పెళ్ళి పందిరి మీద కప్పడానికి అడవిలో పచ్చి కొమ్మలు కొట్టి డప్పులతో తెస్తారు. దాన్ని పొరక అంటారు. నేరేడు కొమ్మలు, మోదుగు కొమ్మలు, ఏవి దొరికితే అవి. ట్రాక్టరు మీద ఏడెనిమిది మంది మగవాళ్ళు ఊగుతున్నారు. అందరికన్నా ముందు నిలబడ్డవాడు ఒక మోదుగు కొమ్మ పైకెత్తి ఊపుతూ మా మీదికి వచ్చాడు.

“అక్కా, కొమ్మ అచ్చింది! ఇగ వదులు!” అని అరిచాను.

అలా అరిచింది నేనే, ఇంకెవరూ కాదు.

యాదక్క ట్రాక్టరు వెనక్కి చూసింది. దుమ్ము గోడలా నిలబడి ఉంది. “అది మన కొమ్మనా, పొరక కొమ్మనా?” అంది.

“ఏదైతేంది! ఎనుక ఎవ్వలు లేరు, దుమ్ము తప్ప ఏం కనవడ్తలేదు. అక్కడ గొడ్లు ఎండల సస్తున్నయి అక్కా!”

ఆమె ట్రాక్టరు పక్కన నడుస్తూ, “ఆఖరు మీరేనా?” అని కేకేసి అడిగింది. డప్పుల మోతలో ఆ కొమ్మ పట్టుకున్నవాడికి ఏం వినపడిందో ఏమో, నవ్వుతూ తలూపి కొమ్మ ఇంకా గట్టిగా ఊపాడు. లారీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. యాదక్క ఒక్కసారి నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె పచ్చ జెండా లేపింది.

అప్పుడు పన్నెండు దాటింది. భాగ్య వచ్చేది రెండుకు. కానీ ఆ రోజు కాలేజీలో హాల్ టికెట్లు ఇచ్చి పిల్లల్ని తొందరగా పంపేశారు. ఆశన్న ట్రాక్టరును వదిలాక ఆఖరున వచ్చిన స్కూటీకి కొమ్మ ఇచ్చాడు. దుమ్ము మింగడం ఎందుకని ఆ పిల్ల ట్రాక్టరుకు చాలా దూరంగా, నెమ్మదిగా వస్తోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

లారీ ముందు పోయింది. దాని వెనక నేను. వంపు తిరుగుతుండగా బ్రేకుల చప్పుడు, దాని మీద ఇంకో చప్పుడు వినపడ్డాయి. లారీ అడ్డంగా ఆగిపోయింది. నేను బండి పడేసి ముందుకు పరుగెత్తాను. స్కూటీ గుంతలో తలకిందులుగా ఉంది. భాగ్య దానికి కొంచెం అవతల, మట్టి కుప్ప మీద పడి ఉంది. చువ్వలకూ ఆమె తలకూ మధ్య రెండు జానల దూరం లేదు. లారీ ముందు చక్రం పక్కన మోదుగు కొమ్మ పడి ఉంది.

గుంతలోకి దూకాను. పిల్లకు తెలివి ఉంది. కుడికాలు మోకాలి కింద వంకరగా తిరిగి ఉంది.

“అవ్వకు చెప్పకుండ్రి సార్,” అంది. అదే మొదటి మాట.

చెప్పాల్సిన పని లేకపోయింది. యాదక్క పచ్చ జెండాతోనే పరుగెత్తుకొచ్చింది. గుంత అంచున ఆగి కిందికి చూసింది. జారుతూ కిందికి దిగి బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుంది. నేను లేగదూడల కాళ్ళకు కట్లు కట్టినవాణ్ణే. జెండా కర్ర రెండు ముక్కలు చేసి, పచ్చ గుడ్డను చీల్చి, ఆ కాలికి కట్టు కట్టాను. యాదక్కే ముడి బిగించింది. ఆటోలో సిరొంచ దవాఖానాకు, అక్కడి నుంచి వంతెన దాటి మంచిర్యాలకు తీసుకుపోయారు. కాలు రెండు చోట్ల విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు.

మూడో రోజు పోలీసులు పంచనామాకు వచ్చారు. ప్రభాకర్ కూడా వచ్చాడు. ఫోన్లు రెండూ జేబులో పెట్టేసుకున్నాడు. మంచిర్యాల నుంచి యాదక్కను పిలిపించారు. రోజూ ఆ దారిన పోయే మేము పదిమందిమి చుట్టూ నిలబడ్డాం.

“యాదక్కా, కొమ్మ చేతికి రాకముందే ఎట్ల వదిలినవ్? ఎవలన్న వదులుమన్నరా?” అని ప్రభాకర్ అడిగాడు.

ఆమె నేలను చూస్తోంది. “ఎవలు అనలే. నేనే వదిలిన.”

నేను అయిదు అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. సర్కారు నౌకరీ, పోలీసు కాగితంలో పేరు, రేపు కోర్టు అన్నవి వరసగా తలలో తిరిగాయి. అవతల పశువులకు మందు వేయాల్సిన వేళ అవుతోందని కూడా అనుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అలాగే అనుకున్నాను. పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

యాదక్కను పనిలోంచి తీసేశారు, ఆశన్నను కూడా. నాలుగు రోజుల్లో వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. గుంత పొడుగునా ఎర్రగా తెల్లగా చారలున్న అడ్డాలు వచ్చాయి. వంపులో లైట్లు వెలిగి ఆరడం మొదలుపెట్టాయి. ఏడాదిన్నర మేము అడిగినవన్నీ, ఒక్కటి తగ్గకుండా వచ్చాయి. వాటిని బిగించడానికి వచ్చిన మనిషిని ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయని అడిగితే, స్టోరులో అట్టపెట్టెల్లోనే ఉన్నాయని చెప్పాడు. నాకు ఆ అడ్డాన్ని కాలితో తన్నాలనిపించింది. తంతే నన్ను నేనే తన్నుకోవాలి.

యాదక్క ఉన్న చోట ఉమేష్ అనే మనిషిని పెట్టారు. మెరిసే పసుపు కోటు, భుజానికి సెట్టు. పని బాగానే చేస్తాడు. నేను ఆ కొసన ఆగినప్పుడు బండి దిగడం మానేశాను.

భాగ్యను ఇంటికి తెచ్చాక, పరీక్షకు ముందు రోజు యాదక్క మా దవాఖానా గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె నన్ను తిట్టడానికి రాలేదు.

“డాక్టర్ సారు, బిడ్డ పరీక్ష రాస్త అంటుంది. ఆటోల కాలు సాపరాదు. ఎవలదన్న కారు దొరుకుతదా?”

“నేను తెస్త అక్కా,” అన్నాను. ఆమె ముఖం వైపు చూడలేక గేటు గొళ్ళెం వైపు చూస్తూ అన్నాను.

మా వీధి మంగయ్య కారు అడిగి తెచ్చాను. వెనక సీట్లో భాగ్య పట్టీ కట్టిన కాలు చాపుకుని, పుస్తకం తెరుచుకుని కూర్చుంది. ముందు నా పక్కన యాదక్క. పదకొండుకు పరీక్ష. తొమ్మిదిన్నరకే బయల్దేరాం, చాలినంత సమయం ఉంది. పెద్దొర్రె దగ్గర మాత్రం అటు నుంచి కంకర లారీలు వరసగా వస్తున్నాయట, మమ్మల్ని ఆపేశారు. వరుసలో మాదే మొదటి బండి. పది దాటింది, పదింపావు దాటింది. భాగ్య పుస్తకం మూసింది. యాదక్క వేళ్ళు చీర కొంగును మెలితిప్పుతున్నాయి. వెనక ఇరవై బండ్లు చేరాయి.

చివరికి ఉమేష్ భుజం మీది సెట్టు గరగరమంది. “క్లియర్ ఆహే,” అని అందులో ఎవరో అన్నారు. ఉమేష్ పచ్చ జెండా ఊపాడు. నేను గేరు వేశాను.

“ఆగు సారు,” అని యాదక్క తలుపు తీసి దిగింది. ఉమేష్ దగ్గరకు పోయింది. “లోపట ఎవ్వలు లేరని ఎట్ల ఎరుక?”

“సెట్ల చెప్పిండ్రు గదా అక్కా.”

“నాకు గూడ చెప్పిండ్రు.”

అంతే అంది. నా వైపు చూడలేదు. బండి ముందుకు వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి, ఒంటి బాట మీద నడవడం మొదలుపెట్టింది. మేము వెనకాలే రావాలన్నమాట.

“అవ్వా, ఎక్కు! టైం అయితంది!” అని భాగ్య కిటికీలోంచి కేకేసింది. ఆమె తిరగలేదు. వేగంగా నడుస్తోంది, చెప్పులు తపతపలాడుతున్నాయి. నేను ఆమె వెనక మొదటి గేరులో నడుపుతున్నాను. నా వెనక ఇరవై బండ్లు. ఒక పక్క కొత్త అడ్డాలు ఎండకు మెరుస్తున్నాయి.

కారులో మేమిద్దరమే ఉన్నాం. ఇక తట్టుకోలేకపోయాను.

“భాగ్యా, ఆ దినం కొమ్మ అచ్చిందని ఒర్రింది నేనే.”

అద్దంలో ఆ పిల్ల ముఖం కనపడుతోంది. ఏమీ మారలేదు.

“ఎరుకే సార్. మంచిర్యాల దవాఖానల అవ్వ చెప్పింది. సారు పేరు ఎవలతోని అనకు, ఆయన నౌకరీకి గిట్ల ఏమన్నైతె ఊర్ల గొడ్లకు సూది ఎవలేస్తరు అన్నది.”

నాకు ముందు రోడ్డు సరిగ్గా కనపడలేదు.

“కని సార్, మీరు అవ్వకు చెప్పుండ్రి,” అంది భాగ్య. “రాత్రిళ్ళు లేసి కూసుంటుంది. నేనే వదిలిన, నేనే పంపిన అనుకుంట గోడకు చెప్తది. నేను చెప్తె ఇంటలేదు. నాతోని అన్నది చాలదు సార్, మీ నోటితోని ఆమెతోని అనుండ్రి.”

వంపు దగ్గరకు వచ్చాం. యాదక్క ఆగి, అవతలికి చూస్తోంది. నేను బండి ఆపి దిగాను. వెనక ఎవరో ఏమైందని అరుస్తున్నారు. ఆమె దగ్గరకు నడిచిపోయాను. ఆ పది అడుగులు నడవడం నాకు పన్నెండు రోజులు పట్టింది.

“అక్కా, తప్పు నాది. వదులుమన్నది నేను. నువ్వు అడిగినవ్, మన కొమ్మనా అని అడిగినవ్. నేనే తలకాయ ఊపిన. పంచనామల చెప్పకుంట నోరు మూసుకున్న.”

ఆమె చెయ్యి దించింది. నన్నే చూసింది. కోపంగా ఉంటే బాగుండేది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి గానీ ఆమె తుడుచుకోలేదు.

“ఈ మాట పంచనామ దినం అంటివంటె, జెండ నా చేతులనే ఉండు గదా సారు,” అంది. “నా బిడ్డను నేనే దాటిచ్చుకుందు.”

కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. వంపు అవతలికి ఇంకొక్కసారి చూసింది. వచ్చి కారెక్కింది.

“నడువు సారు. బిడ్డకు టైమైతుంది.”

పదకొండుకు ఆరు నిమిషాలు ఉండగా కాలేజీ గేటు ముందు బండి ఆపాను. యాదక్క ముందు దిగి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, బిడ్డ వైపు తలుపు తీసింది.